దిగిపోయిన కారు తలుపు: హింజ్ పిన్నులు, బుష్‌లు ఇంట్లోనే మార్చుకోవడం

డ్రైవర్ వైపు తలుపును కాస్త పైకెత్తి మూయడం చాలామందికి తెలియకుండానే అలవాటైపోతుంది. కొత్తగా కారెక్కినవాళ్లకు "అలా కాదండీ, కొంచెం లేపి నెట్టండి" అని చెప్పాల్సి వస్తోందంటే హింజ్ (తలుపును బాడీకి కలిపే కీలు) పిన్నుల మీద అనుమానపడాల్సిందే. పిన్ను, దాని చుట్టూ ఉండే ఇత్తడి బుష్, రెండూ వేలెడంత వస్తువులు. ఓపిక, ఒక జాకీ, తోడుగా ఇంకో మనిషి ఉంటే ఒక పూటలో మార్చేయొచ్చు.

నేను మొదటిసారి ఈ లోపం చూసినప్పుడు పిన్నుల జోలికే పోలేదు. తలుపు లాక్ వచ్చి పట్టుకునే స్ట్రైకర్ ఉంటుంది కదా, దాన్ని కొంచెం కిందికి జరిపాను. తలుపు చక్కగా పడింది. కొన్ని నెలలకు మళ్లీ దిగింది, మళ్లీ జరిపాను. మూడోసారికి జరపడానికి చోటే మిగల్లేదు. ఈలోగా తలుపు కింది అంచు బాడీకి రాసుకుని అక్కడి రంగు లేచిపోయింది. అందుకే ఈ పని మొదలుపెట్టే ప్రతి ఒక్కరికీ నేను ముందు చెప్పే మాట ఒకటే: స్ట్రైకర్‌ను, హింజ్ బోల్టులను ముట్టుకోకండి. తలుపు అసలు ఎక్కడ కూర్చోవాలో చెప్పే గుర్తులు అవే. అరిగిన పిన్నులు మారిస్తే తలుపు దాని పాత చోటికి అదే వస్తుంది.

అరిగేది ఏమిటి?

హింజ్‌కు రెండు రెక్కలుంటాయి. ఒకటి బాడీ పిల్లర్‌కు (తలుపు పక్కనుండే నిలువు స్తంభానికి), రెండోది తలుపుకు బిగించి ఉంటుంది. రెండింటినీ కలుపుతూ నిలువుగా పిన్ను దిగుతుంది. చాలా హింజ్‌లలో పిన్ను ఒక రెక్కలో గట్టిగా ఇరుక్కుని కదలకుండా ఉంటుంది. అలా పట్టు దొరకడానికే దాని తల కింద పళ్లలాంటి సన్నని గీతలుంటాయి. రెండో రెక్కలో మాత్రం బుష్ ఉంటుంది, పిన్ను ఆ బుష్‌లో తిరుగుతుంది. ఇత్తడి లాంటి మెత్తని లోహంతో బుష్ చేయడానికి కారణం ఉంది. ఏదో ఒకటి అరగక తప్పనప్పుడు, తేలిగ్గా మార్చగలిగేదే అరగాలి. గ్రీజు ఎండిపోయి, దుమ్ము చేరి, బుష్ పూర్తిగా అరిగిపోయాక ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. ఆ తర్వాత పిన్ను, ఆపైన హింజ్ రంధ్రం దెబ్బతింటాయి.

తలుపు బరువు హింజ్‌కు దూరంగా, తలుపు మధ్యలో ఎక్కడో ఉంటుంది. అందువల్ల పై హింజ్‌ను తలుపు తన వైపు లాగుతుంది, కింది హింజ్‌ను పిల్లర్ వైపు నొక్కుతుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పుకోవాలి. రెండు హింజ్‌ల మధ్య ఎత్తు 40 సెంటీమీటర్లు, తలుపు పొడవు 100 సెంటీమీటర్లు అనుకోండి. పై హింజ్‌లో కేవలం 1 మిల్లీమీటరు వదులు వస్తే, లాక్ ఉండే అంచు దగ్గర తలుపు రెండున్నర మిల్లీమీటర్లు దిగుతుంది. పిన్ను బయటికి తీసి చూసినప్పుడు "ఇంత చిన్న అరుగుదలకా అంత గొడవ!" అనిపించేది ఇందుకే.

ముందు పరీక్ష

తలుపును సగం దాకా తెరిచి, లాక్ ఉండే అంచును రెండు చేతులతో పట్టుకుని మెల్లగా పైకెత్తి వదలండి. ఇంకొకరు హింజ్‌ల దగ్గర కూర్చుని టార్చి వేసి చూడాలి. ఒంటరిగా ఉంటే ఫోన్‌లో వీడియో తీసుకున్నా చాలు. మూడు చోట్ల కదలిక కనిపించొచ్చు.

రెండు రెక్కల మధ్య కదలిక ఉంటే తప్పు పిన్ను, బుష్‌లదే. రెక్క కదలకుండా ఉండి, రెక్కకూ బాడీకీ మధ్య కదలిక ఉంటే బోల్టులు వదులయ్యాయి, వాటిని బిగిస్తే సరిపోవచ్చు. పిల్లర్ రేకే లోపలికీ బయటికీ ఊగుతున్నా, అక్కడ పగులు కనిపించినా, పిన్నులు మార్చి ప్రయోజనం లేదు. అది వెల్డింగ్ పని, బాడీ పని తెలిసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లాలి. ఎప్పుడైనా ఆ తలుపుకు గట్టి దెబ్బ తగిలి ఉంటే ఈ మూడో చోటును మరీ జాగ్రత్తగా చూడండి.

అలాగే మీ కారు హింజ్ ఏ రకమో కూడా ఇప్పుడే తేల్చుకోండి. కొన్నింటిలో పిన్ను కొట్టి తీసి కొత్తది వేసే వీలుంటుంది. ఈ మార్గదర్శి వాటి గురించే. ఇప్పటి కార్లు చాలావాటిలో పిన్నును ఫ్యాక్టరీలోనే శాశ్వతంగా నొక్కేసి ఉంచుతారు. వాటికి విడి పిన్ను దొరకదు, హింజ్ మొత్తం మార్చాలి. జీప్ రాంగ్లర్ లాంటి వాటిలో నట్టు విప్పి, వైరు, తలుపును ఆపే పట్టీ ఊడదీసి తలుపును పైకి ఎత్తేస్తే చేతిలోకి వస్తుంది, అక్కడ పద్ధతే వేరు. కొన్ని పాత పికప్‌లలో తలుపు తెరిచి ఉంచడానికి హింజ్‌కే బలమైన స్ప్రింగ్ ఉంటుంది. అలాంటి స్ప్రింగ్ కనిపిస్తే దాన్ని నొక్కిపట్టే ప్రత్యేక సాధనం లేకుండా పని మొదలుపెట్టకండి. స్క్రూడ్రైవర్‌తో ఎత్తి పీకబోతే అది తుపాకీ గుండులా ఎగిరి కంటికి తగలొచ్చు. సాధనం ఉన్నా దాని మీద మందపాటి గుడ్డ కప్పి, కళ్లద్దాలు పెట్టుకునే చేయాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

కొత్త పిన్నులు, బుష్‌లు, లాక్ క్లిప్పులు సెట్టుగా దొరుకుతాయి. మీ కారు మోడల్, తయారైన ఏడాది చెప్పి కొనండి. కొన్నిట్లో పై పిన్ను, కింది పిన్ను పొడవులు వేరుగా ఉంటాయి, ముందు తలుపువి వెనక తలుపుకు సరిపోకపోవచ్చు. ఒక తలుపుకు రెండు హింజ్‌ల సరుకూ కలిపే తీసుకోండి. ఒకటే మారిస్తే కొత్తదాని మీదే భారమంతా పడుతుంది.

సామాన్లలో సుత్తి, పిన్ను కన్నా కాస్త సన్నగా ఉండే పంచ్ (సుత్తి దెబ్బను పిన్నుకు చేర్చే ఇనుప కడ్డీ), గట్టిగా పట్టే లాకింగ్ ప్లయర్, సి క్లాంప్ (మర తిప్పి నొక్కే బిగింపు సాధనం), ఆకురాయి, తుప్పు వదిలించే స్ప్రే, గ్రీజు, మాస్కింగ్ టేపు, పాత దుప్పటి, ఒక చెక్క దిమ్మ కావాలి. కొలతలకు వెర్నియర్ ఉంటే మంచిది. జాకీల్లో చక్రాల మీద దొర్లే ట్రాలీ జాకీ ఈ పనికి బాగా పనికొస్తుంది, తలుపును కొంచెం అటూ ఇటూ తిప్పినప్పుడు అది కూడా వెంట వస్తుంది. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి. సుత్తి దెబ్బకు ఇనుప పెచ్చులు లేస్తాయి.

పనికి ముందు రోజు రాత్రి

పిన్నుల రెండు చివరలకూ, రెక్కల మధ్య సందులకూ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. పొద్దున్నే ఇంకోసారి కొట్టండి. ఐదు నిమిషాలు కూడా పట్టని పని ఇది, దీన్ని వదిలేసినవాళ్లే మర్నాడు గంటల తరబడి సుత్తితో కుస్తీ పడతారు. కారిన నూనె రంగు మీద ఉండకుండా తుడిచేయండి.

తలుపు మూసి ఉన్నప్పుడు చుట్టూ సందు ఎంతెంత ఉందో నాలుగైదు చోట్ల కొలిచి రాసుకోండి. హింజ్‌లను పైనుంచి, కిందినుంచి ఫోటోలు తీయండి. పిన్ను తల ఏ వైపు ఉంది, క్లిప్పు ఏ వైపు ఉంది అన్నది అందులో స్పష్టంగా కనిపించాలి. పై పిన్ను ఒక దిక్కు నుంచి, కింది పిన్ను దానికి ఎదురు దిక్కు నుంచి దిగే కార్లు చాలా ఉన్నాయి. విప్పాక అది గుర్తుండదు.

తలుపు బరువును పట్టుకోవడం

నా లెక్కలో ఈ పనిలో సగం ఇదే. ఇది కుదిరితే మిగతాదంతా సుత్తి, గ్రీజు వ్యవహారం.

కారును చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. లోపలి లైటు ఆపేయండి, లేకపోతే తలుపు గంటల తరబడి తెరిచి ఉండి బ్యాటరీ దిగిపోతుంది. అద్దం కిందికి దించితే ఫ్రేము సందులోంచి చెయ్యి పెట్టి తలుపును పట్టుకోవచ్చు. ఫెండర్ (ముందు చక్రం పైనుండే రేకు) వెనక అంచుకూ, తలుపు ముందు అంచుకూ మాస్కింగ్ టేపు రెండు మూడు వరసలు వేయండి.

తలుపు ఎక్కువ తెరుచుకోకుండా ఆపే పట్టీ ఒకటి హింజ్‌ల మధ్య ఉంటుంది. సుత్తికి అడ్డం రాకపోతే దాన్ని అలాగే ఉంచండి. విప్పాల్సి వస్తే ఆ క్షణం నుంచీ తలుపుకు అడ్డూ ఆపూ ఉండదని గుర్తుంచుకోవాలి. గాలి తోసినా చాలు, తలుపు వెళ్లి ఫెండర్‌ను నొక్కేస్తుంది.

ఇప్పుడు జాకీ మీద చెక్క దిమ్మ, దాని మీద మడిచిన దుప్పటి పెట్టి తలుపు కింది అంచు కిందికి తోయండి. తలుపు పొడవులో మధ్య కన్నా కాస్త లాక్ వైపు ఉంటే బరువు బాగా నిలుస్తుంది. జాకీని కొద్దికొద్దిగా లేపుతూ రెండు రెక్కల మధ్య సందును చూడండి. తలుపు లేచి, అరిగిన వదులంతా పోయి, పిన్ను మీద భారం లేని ఒక స్థితి వస్తుంది. అక్కడే ఆపాలి. ఇంకా లేపితే పిన్ను ఇంకో వైపు నుంచి బిగుసుకుంటుంది, ఎంత కొట్టినా కదలదు. పిన్ను మొరాయిస్తుంటే సుత్తిని మార్చే ముందు జాకీని కొద్దిగా పైకో కిందికో జరిపి చూడండి. చాలాసార్లు దానికే వదులవుతుంది.

ఒక జాగ్రత్త చాలామందికి తట్టదు. తలుపు జాకీ మీద ఉన్నంతసేపూ కారులోకి ఎవరూ ఎక్కకూడదు, ఎక్కి కూర్చున్నవాళ్లు దిగకూడదు. మనిషి ఎక్కితే బాడీ స్ప్రింగుల మీద కిందికి దిగుతుంది, తలుపు మాత్రం జాకీ మీద అక్కడే ఉంటుంది. ఆ తేడా అంతా హింజ్ మీద పడుతుంది. పిల్లలు దగ్గరలో ఉంటే ముందే చెప్పి దూరంగా ఉంచండి.

తలుపు మొత్తం ఊడదీయాలా?

అక్కర్లేదు. ఒక హింజ్ పూర్తిగా ముగించి, పిన్ను, క్లిప్పు పడ్డాకే రెండోదాన్ని ముట్టుకోవడం ఇంట్లో చేసేవాళ్లకు మంచి దారి. తలుపు ఎప్పుడూ ఒక హింజ్ మీదైనా నిలబడే ఉంటుంది, వైర్లు పీకే పని ఉండదు. రెండు పిన్నులూ ఒకేసారి తీస్తే ఆ బరువైన తలుపు బ్యాలెన్స్ తప్పి పక్కకు ఒరుగుతుంది, లోపలికి వెళ్లే వైర్ల రబ్బరు గొట్టం లాగుకుపోతుంది.

రంధ్రం పాడవడం వల్ల తలుపు తీయక తప్పకపోతే ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, మీ కారు మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి, ఆ తర్వాతే కనెక్టర్లు ఊడదీయండి. తలుపులో ఎయిర్‌బ్యాగ్ గానీ దాని సెన్సర్ గానీ ఉన్న కార్లలో ఈ వరస తప్పకూడదు. అప్పుడు ఇద్దరు మనుషులు ఉండాల్సిందే.

పాత పిన్ను తీయడం

పై హింజ్‌తో మొదలుపెట్టండి. క్లిప్పు ఉంటే దాన్ని స్క్రూడ్రైవర్‌తో మెల్లగా లేపి తీయండి, ఎగిరిపోకుండా రెండో చేత్తో గుడ్డ అడ్డం పెట్టండి. పిన్ను తల లేని చివర పంచ్ ఆనించి, తల ఉన్న వైపుకు కొట్టాలి. గీతలున్న భాగం వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలి కాబట్టి దిక్కు తప్పితే రంధ్రం చెడిపోతుంది. నేరుగా సుత్తితో కొడితే పిన్ను చివర పుట్టగొడుగులా విచ్చుకుని రంధ్రంలోంచి రానే రాదు. అప్పటికే అలా అయి ఉంటే ఆకురాయితో దాన్ని రాసి సన్నం చేశాకే కొట్టండి.

వంద చిన్న దెబ్బల కన్నా నాలుగు నిదానమైన, నిటారు దెబ్బలు బాగా పనిచేస్తాయి. పిన్ను తల కొంచెం బయటికి వచ్చాక లాకింగ్ ప్లయర్‌తో పట్టి అటూ ఇటూ తిప్పుతూ లాగండి. అస్సలు కదలకపోతే మళ్లీ స్ప్రే కొట్టి ఇంకో గంట ఆగండి. చివరి మార్గంగా రెక్కల మధ్య సందులోకి హ్యాక్సా బ్లేడు దూర్చి పిన్నును కోసి, ముక్కలను రెండు వైపులా కొట్టి తీయొచ్చు. మంటతో వేడి చేయడం నేను చెప్పను. పక్కనే రంగు, రబ్బరు, వైర్లు ఉంటాయి, పైగా మీరు కొట్టిన స్ప్రే భగ్గున అంటుకుంటుంది.

బయటికి వచ్చిన పిన్నును వేళ్లతో తడిమి చూడండి. ఒక వైపే గాడి పడి ఉంటుంది, భారం ఎటు పడిందో అదే చెబుతుంది.

బుష్‌లు

పిన్ను మార్చి బుష్‌ను వదిలేసేవాళ్లుంటారు. సగం పనే అది. అరిగిన బుష్‌లో కొత్త పిన్ను వేసినా వదులు అలాగే ఉంటుంది.

పాత బుష్ ఒక్కోసారి కాగితమంత పల్చబడి రంధ్రం గోడకు అతుక్కుని ఉంటుంది, లేదా ముక్కలై రాలిపోయి ఉంటుంది. "నా హింజ్‌లో అసలు బుష్‌లే లేవు" అనుకునే ముందు టార్చి వేసి రంధ్రంలో పసుపు రంగు మెరుపు కోసం చూడండి. ఉంటే ఎదుటి వైపు నుంచి పంచ్‌తో కొట్టి బయటికి తోసేయండి. తర్వాత రంధ్రంలోని తుప్పు, పాత గ్రీజు మొత్తం గుడ్డతో తుడవండి.

కొత్త బుష్‌ను చేత్తో రంధ్రంలో పెట్టి చూడండి. చేత్తోనే జారి లోపలికి పడిపోయి ఊగుతుంటే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగిందని అర్థం. అలాంటప్పుడు బయటి కొలత కాస్త పెద్దగా ఉండే ఓవర్‌సైజ్ బుష్ తెచ్చి, రంధ్రాన్ని దానికి తగ్గట్టు గుండ్రంగా రీమర్‌తో (రంధ్రం లోపలి గోడను సన్నగా చెక్కే సాధనంతో) సరిచేయాలి. లేదా హింజ్‌నే మార్చాలి. రేకు ముక్క చుట్టి బిగించడం నాకు నచ్చని పద్ధతి, అది కొన్నాళ్లకే నలిగి ఊడిపోతుంది.

సరిపోయే బుష్‌ను సుత్తితో కొట్టకండి. ఇత్తడి మెత్తన, అంచు వంకరపోతుంది. సి క్లాంప్‌ను బుష్ మీదా, రెక్క అవతలి వైపునా పట్టించి మెల్లగా తిప్పితే నిటారుగా లోపలికి వెళుతుంది. క్లాంప్ పట్టే చోటు లేకపోతే పొడవాటి బోల్టుకు రెండు వైపులా వాషర్లు వేసి నట్టు బిగిస్తూ లాగినా అదే పని జరుగుతుంది. బుష్‌కు టోపీ అంచు ఉంటే అది పాత బుష్‌కు ఏ ముఖం మీద ఉందో అదే ముఖం మీద ఉండాలి. రెండు రెక్కలు ఒకదాని మీద ఒకటి ఆనే చోట తలుపు నిలువు బరువును మోసేది ఆ అంచే.

బుష్ పడ్డాక కొత్త పిన్నును గీతలు లేని చివరతో దూర్చి చూడండి. వదులుగా ఊగకూడదు, వేళ్లతో తిరగాలి. నొక్కినప్పుడు బుష్ కాస్త ముడుచుకుని పిన్ను బిగుతుగా ఉంటే రీమర్‌తోనో గుండ్రటి సన్న ఆకురాయితోనో కొద్దికొద్దిగా రాసి చూసుకోవాలి. బలవంతంగా దిగ్గొడితే పిన్ను బుష్‌ను పట్టేసి దాన్నే రంధ్రంలో తిప్పడం మొదలుపెడుతుంది.

కొత్త పిన్ను వేయడం

పిన్నులో బుష్‌కు తగిలే భాగానికి పల్చగా గ్రీజు రాయండి. గీతలున్న చోట వద్దు, అక్కడ పట్టే కావాలి. రెక్కల రంధ్రాలు ఒక వరసలోకి వచ్చాయో లేదో సన్నని పంచ్ దూర్చి చూడండి. రాకపోతే జాకీతో సరిచేయండి, పిన్నుతో లాగాలని చూడకండి. మొదట తీసిన ఫోటో చూసి అదే దిక్కు నుంచి పిన్నును దించండి. గీతల భాగం వచ్చేదాకా చేత్తో దిగాలి. అక్కడి నుంచే సుత్తి. గీతలు పాత గాడుల్లో కాకుండా కొత్త చోట కరిచేలా పిన్నును కొద్దిగా తిప్పి కొడితే పట్టు బాగుంటుంది. తల పూర్తిగా ఆనాక ఆపి, క్లిప్పు వేయండి. క్లిప్పు గాడిలో కూర్చుందో లేదో గోటితో తిప్పి చూడండి.

కింది హింజ్‌కు కూడా ఇదే వరస. పైది కొత్తది పడ్డాక తలుపు కొంచెం ఎత్తు మారి ఉంటుంది కాబట్టి జాకీని మళ్లీ మొదటి నుంచి సరిచూసుకోవాలి.

మొదటిసారి మూయడం

జాకీ తీసేసి, తలుపు ఆపే పట్టీ విప్పి ఉంటే బిగించి, టేపు లాగేయండి. తర్వాత తలుపును విసిరి మూయకండి. హ్యాండిల్ పట్టుకుని లాక్ స్ట్రైకర్ దగ్గరికి వచ్చేదాకా మెల్లగా తీసుకురండి. చివరి రెండు సెంటీమీటర్లలో తలుపు వెనక అంచు పైకీ కిందికీ కదలకుండా నేరుగా వెళ్లాలి.

మధ్యలో ఎవరూ స్ట్రైకర్‌ను జరపకపోయి ఉంటే ఇక్కడితో పని అయిపోయినట్టే. నాలాగా ముందే జరిపి ఉంటే ఇప్పుడు దాన్ని వెనక్కి తేవాలి. స్ట్రైకర్ చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, బోల్టులు సగమే వదులు చేసి, కొంచెం పైకి జరిపి చూడండి. లాక్ ఎక్కడ తగులుతోందో తెలియాలంటే స్ట్రైకర్ మీద కాస్త గ్రీజు రాసి తలుపు ఒకసారి మూసి తెరవండి, తుడుచుకుపోయిన చోటే తగిలిన చోటు. కుదిరాక బోల్టులు గట్టిగా బిగించండి, ప్రమాదంలో తలుపు తెరుచుకోకుండా పట్టి ఉంచేవి అవే.

ముందు రాసుకున్న సందుల కొలతలు మళ్లీ తీయండి. లాక్ అంచు దగ్గర తేడా స్పష్టంగా కనిపిస్తుంది. రబ్బరు సరిగ్గా ఆనుతోందో చూడటానికి ఒక కాగితం ముక్కను తలుపు సందులో పెట్టి మూసి లాగండి. చుట్టూ అన్ని చోట్లా ఒకే బిగువుతో రావాలి. ఎక్కడైనా సులువుగా జారిపోతే వాన నీళ్లు, గాలి మోత వచ్చేది అక్కడి నుంచే.

సుత్తి తగిలి రంగు లేచిన చోట్ల అదే రోజు టచప్ రంగు వేసేయండి. వారం తర్వాత మళ్లీ తలుపును పైకెత్తి చూసే పరీక్ష చేసి, క్లిప్పులు ఉన్నాయో లేదో చూసుకోండి. తర్వాత ఆరు నెలలకోసారి హింజ్ సందుల్లోకి గ్రీజు స్ప్రే కొడితే చాలు. తుప్పు వదిలించే స్ప్రేనే నూనెగా వాడుకుంటూ పోతే అది తొందరగా ఆరిపోయి బుష్ మళ్లీ పొడిబారుతుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తెరిచిన తలుపు మీద బరువు వేసి లేచే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే, పై పిన్నులో ఒక వైపే పడిన ఆ గాడిని ఒకసారి వాళ్లకు చూపించండి.